రేగడిపల్లిలో కదలని రిక్షా

ఆదివారం రాత్రిలోగా ఒక మాట చెప్పాలి. ఊరి చివర, పటాన్‌చెరు దాటాక, కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఒక ఇల్లు కిరాయికి ఉంది. తీసుకుంటామా, తీసుకోమా? మా ఆయన వెళ్ళి చూసి వచ్చారు. ఫోన్‌లో ఫోటోలు చూపించారు. బాల్కనీ ఎదురుగా ఇంకా పొలాలే ఉన్నాయి. "గాలి బాగుంది. అదొక్కటి చాలదూ?" అన్నారు. చాలు. రెండున్నరేళ్ళ కూతురు రాత్రంతా దగ్గుతుంటే ఏ తల్లికైనా అది చాలు. అయినా నా నోటి వెంట "సరే" రాలేదు.

మేముండేది నాంపల్లిలో, స్టేషన్ రోడ్డు నుంచి అబిడ్స్ వైపు తిరిగే గల్లీలో. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా మామగారి తండ్రి గుంటూరు నుంచి గుమాస్తా ఉద్యోగంతో వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇల్లు ఇప్పుడు నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. మూడో అంతస్తు మాది. మా కిటికీ కింద కోర్టు కేసులో ఉన్న ఖాళీ జాగా ఒకటుంది. కేసు ఎవరిదో గానీ, చెత్త మాత్రం అందరిదీ. కింద కొట్ల వాళ్ళు, టిఫిన్ బండ్ల వాళ్ళు, మా అపార్ట్‌మెంట్ వాళ్ళు కూడా అక్కడే పడేస్తారు. కుప్ప పెరిగాక ఎవరో అగ్గిపుల్ల గీస్తారు. ఎవరని అడిగితే ఎవరూ కాదు. ఫిర్యాదు చేస్తే బండి వచ్చి ఎత్తుకుపోతుంది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ మొదటి కవరు పడుతుంది.

మా పాప ఆద్యకు ఊపిరి తీస్తే పిల్లికూతలు వినిపిస్తాయి. డాక్టరు గారు చెప్పింది ఒకటే: పొగకు దూరంగా ఉంచండి. అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో నేనీ సంగతి ఎత్తితే సెక్రటరీ గారు ఎంతో మర్యాదగా, "పాపకు అంత ఇబ్బందిగా ఉంటే మీరే మారొచ్చు కదమ్మా" అన్నారు. అందరూ తలలూపారు. చెత్త ఉండొచ్చు, పొగ ఉండొచ్చు, పాప మాత్రం ఉండకూడదు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

అందుకే కొత్త ఇల్లు చూడటానికి బదులు రేగడిపల్లి చూడటానికి బయల్దేరాను.

జనవరిలో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో తిరుగుతూ ఒక స్టాల్ దగ్గర పూలకుండీల కోసం వానపాముల ఎరువు కొన్నాను. అమ్ముతున్నావిడ పేరు బాలమణి. "ఇది మా ఊరి చెత్త చెల్లె, వాసన జూడు" అని గుప్పెడు తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. వాన పడ్డ మట్టి వాసన వచ్చింది. వికారాబాద్ అవతల వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళే సంఘం పెట్టుకుని చెత్త ఎత్తుతున్నారనీ, ఊళ్ళో ఎవరూ చెత్తకు నిప్పు పెట్టకుండా చేశారనీ చెప్పింది. నా మొహం చూసి నమ్మలేదని కనిపెట్టినట్టుంది. "నమ్మకపోతె రా. కండ్లతోటి జూడు" అని ఫోన్ నంబరు ఇచ్చింది. ఆ నంబరు ఇప్పుడు పనికొచ్చింది.

శనివారం మధ్యాహ్నం అన్నాలు కాగానే సంచి సర్దాను. నెబులైజర్, మందులు, పాప బట్టలు, ఇంకో జత బట్టలు, మళ్ళీ ఇంకో జత. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"చెత్త చూడటానికి చంటిపిల్లని వేసుకుని రైలెక్కుతావా? నలుగురూ వింటే నవ్వుతారే."

"నవ్వనివ్వండి అత్తయ్యా."

మా ఆయన స్టేషన్ దాకా సంచి మోశారు. "రేపు సాయంత్రానికి వచ్చేస్తావుగా? ఆ ఓనరుకు ఏదో ఒకటి చెప్పాలి" అన్నారు. వచ్చాక చెబుతానన్నాను.

వెళ్ళాలనుకునే వాళ్ళ కోసం రాస్తున్నాను. నాంపల్లిలో తాండూరు వైపు వెళ్ళే ప్యాసింజర్ ఎక్కితే చాలు. రిజర్వేషన్ అక్కర్లేదు, టికెట్టు రెండు ఇరానీ చాయ్‌ల ఖరీదులో వచ్చేస్తుంది. వేళలు మారుతుంటాయి, కౌంటర్ దగ్గర అడగండి. మేం ఎక్కిన బండి రెండు గంటలకని చెప్పి రెండున్నరకు కదిలింది. శనివారం కాబట్టి ఊళ్ళకు వెళ్ళే జనం ఉన్నారు. కిటికీ పక్క చోటు మాత్రం దొరికింది.

ఎదురుగా ఒక రిటైరైన ఉద్యోగి, చేతిలో మడిచిన పేపరు. నా పక్కన బుర్ఖాలో ఒక పెద్దావిడ. ఆగాపురా నుంచి వికారాబాద్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళుతోంది. ఖైరతాబాద్ రాకముందే పెద్దాయన పలకరించాడు.

"ఏ ఊరమ్మా పోతున్నరు?"

"వికారాబాద్ దాటాక రేగడిపల్లి అండీ."

"చుట్టాలున్నరా?"

"లేరండీ. అక్కడ ఆడవాళ్ళు ఊళ్ళో చెత్త ఎత్తుతున్నారట. ఎలా చేస్తున్నారో చూద్దామని."

ఆయన పేపరు పక్కన పెట్టి మరీ నవ్వాడు. "చెత్త జూసెటందుకు గంత దూరం పోవాల్నా? నాంపల్లిల తక్కువైందా ఏంది?"

చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

"తక్కువ కాలేదండీ, ఎక్కువైంది. అందుకే" అన్నాను.

అంతలో ఆద్యకు దగ్గు తెర వచ్చింది. పెద్దావిడ సంచిలోంచి ఖర్జూరాలు తీసి నా చేతిలో పెట్టింది. "నవ్వకు భయ్యా, బచ్చీ ఎట్ల దగ్గుతుందో జూడు" అని ఆయనను కసిరింది. నేను ఖర్జూరం విప్పి గింజ తీశాను. తీశానో లేదో మళ్ళీ చూశాను. పాప నోట్లో పెట్టబోతూ ఇంకోసారి చూశాను.

"బస్ బేటీ, ఒక్కసారి తీస్తె చాలు. గింజ మళ్ళ మొలవదు" అంది ఆవిడ.

లింగంపల్లి దాటాక చాయ్ వచ్చింది. పెద్దాయన తాగేసి, పేపరు కప్పును ముద్దచేసి, కిటికీలోంచి బయటకు విసిరాడు. పెద్దావిడ నా మోచేతిని తట్టింది. "ఇగో బేటీ, రేగడిపల్లి దాక ఎందుకు? ఈన్నే జూస్కో." ఈసారి నవ్వు ఆయన మీదికి తిరిగింది. వికారాబాద్ వచ్చేదాకా ఆయన పేపరు దించలేదు.

సాయంత్రం నాలుగున్నర అవుతుండగా వికారాబాద్‌లో దిగాం. స్టేషన్ నుంచి బస్టాండుకు ఆటో, అక్కణ్ణించి పల్లెవెలుగు బస్సు. ఆడవాళ్ళకు బస్సులో చార్జీ లేదు, ఆధార్ కార్డు మాత్రం మరచిపోకండి. మరో ముప్పావు గంట ప్రయాణం. మొదట చెట్లు, గుట్టలు, తర్వాత నల్లరేగడి చేలు. కిటికీలోంచి చల్లటి గాలి వస్తుంటే పాప నా ఒళ్ళో నిద్రపోయింది. నేను ఆ గాలి పీల్చి కొంచెం ధైర్యం తెచ్చుకున్నాను.

ఊరు దగ్గరపడగానే ఆ ధైర్యం పోయింది. చేల మీద తెల్లగా పొగ లేస్తోంది. బస్సు దిగేసరికి పాప లేచి దగ్గడం మొదలుపెట్టింది.

బాలమణి బస్టాప్‌లోనే ఉంది. నలభై ఏళ్ళుంటాయి, పొడగరి, చీర మీద ఆకుపచ్చ కోటు. మెడలో పుస్తెలతాడుతో పాటు ఒక విజిల్ వేలాడుతోంది. "ఒచ్చినవా చెల్లె!" అంటూ సంచి అందుకుంది.

నమస్కారం కూడా పెట్టకుండా, "ఇదేనా అక్కా, మీ పొగ లేని ఊరు?" అనేశాను. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. పాపను నాంపల్లి పొగ తప్పించి ఇంత దూరం తీసుకొచ్చి మళ్ళీ పొగలోనే దింపానే అనిపించింది.

ఆమె సర్దిచెప్పలేదు. "ఊర్ల చెత్త కాల్వరు చెల్లె. చేన్ల పత్తికట్టె కాలుస్తరు. గది ఇంక మా చేతికి రాలే" అంది. పాప మొహం మీద కొంగు కప్పి, రోడ్డు పక్క చేను వైపు తిరిగి ఒక్క కేక వేసింది. "ఓ మల్లేశా! చిన్నపొల్ల ఉన్నది, జర ఆర్పు!"

"అయిపోవచ్చిందక్కా, గింతే ఉన్నది!" అని చేనులోంచి జవాబొచ్చింది.

"గింతే గింతే అనుకుంట ఊరంత పొగ జేస్తవు! ఆర్పుతవా, నన్ను రమ్మంటవా?"

అతను పచ్చికొమ్మలతో కొట్టి సగం ఆర్పాడు. మిగతా సగం తనంతట తానే ఆరింది. ఆమె అబద్ధం చెప్పి ఉంటే నేను తిరుగు బస్సు ఎక్కేదాన్ని. చేతకానిది చేతకాలేదని చెప్పడం విని ఆగిపోయాను.

ఆ రాత్రి బస బాలమణి ఇంట్లోనే. ఊళ్ళో లాడ్జీలు లేవు, సంఘం వాళ్ళ ఇళ్ళలోనే ఉండాలి. డబ్బు తీసుకోరు, ఎరువు సంచి కొనుక్కెళ్ళండి, సంతోషిస్తారు. పాపకు నెబులైజర్ పెట్టి కూర్చుంటే పక్కింటి మరియమ్మ జొన్నరొట్టెలు, చిక్కుడుకాయ కూర పట్టుకొచ్చింది. మరియమ్మ వాళ్ళ పెద్దలు మెదక్ మిషన్ వాళ్ళు. సంఘం మొదలుపెట్టింది బాలమణి, మరియమ్మే.

"మొదట్ల ఏమైందో చెప్పక్కా ఆమెకు" అంది మరియమ్మ ముసిముసిగా నవ్వుతూ.

"నువ్వే చెప్పు. నీకే మస్తు సంబురం గది."

మరియమ్మ చెప్పింది. ఇద్దరూ కూలికి వెళ్ళేవాళ్ళే. పగలు తీరదు కాబట్టి పొద్దుగూకాక పని నుంచి వచ్చి రిక్షా తీద్దామనుకున్నారు. రిక్షా తీశారు, విజిల్ ఊదారు, ఊరంతా తిరిగారు. ఒక్క ఇంట్లో కూడా చెత్త ఇవ్వలేదు. దీపం పెట్టే వేళ ఇంట్లోంచి చెత్త బయటకు పంపితే లక్ష్మి కూడా వెళ్ళిపోతుందని.

"మా ఇంట్ల ఆ బాధ లేదు, యేసయ్యనే గద. మా ఇంటి చెత్త ఒక్కటే ఏస్కొని ఊరంత తిప్పినం, ఊరేగింపు లెక్క!" అంది మరియమ్మ.

"మీ ఇంటి చెత్త, అక్కా?" అని బాలమణిని అడిగాను.

"యాడిస్త? మా అత్త గడపల కూసున్నది. సంఘానికి లీడర్ను నేనే, నా ఇంటి చెత్త నేనే ఇయ్యలే!" అని బాలమణి తొడ చరిచి నవ్వింది. "పద్దినాలు గట్లనే తిరిగినం. ఇగ ఎవరూ ఇయ్యకపోతే, పొద్దుగాల మార్చినం. వాకిలి ఊడ్చి, సాన్పు జల్లేటప్పుడు పోతం. ఇప్పుడు మా అత్తనే అంటది, లచ్చిమి ఒచ్చే దారి సాఫ్ జేస్తున్నరని."

లోపలి గదిలోంచి అత్తగారు, "అన్న, అన్న. అంటె ఏంది?" అని గద్దించింది.

మర్నాడు చీకటితోనే విజిల్ మోగింది. పాపకు స్వెట్టర్ తొడిగి, మంకీక్యాప్ పెట్టి, ఎత్తుకుని వాళ్ళ వెంట నడిచాను. మూడు చక్రాల తొక్కుడు రిక్షా, దాని మీద రెండు డబ్బాలు. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలంది పొడి చెత్తకు. ఆడవాళ్ళు వాకిళ్ళు ఊడుస్తూనే బకెట్లు అందిస్తున్నారు. పని గబగబా సాగుతోంది, కబుర్లు అంతకంటే గబగబా సాగుతున్నాయి.

మూడో వీధిలో రిక్షా ఆగిపోయింది. రాజవ్వ అనే ఆవిడ ఇచ్చిన బకెట్లో కూరగాయల తొక్కలు, షాంపూ ప్యాకెట్లు, పగిలిన గాజులు, అన్నీ కలిసి ఉన్నాయి. బాలమణి బకెట్ తిరిగి గడప ముందు పెట్టింది. తిట్టలేదు. రిక్షా సీటు మీద కూర్చుని విజిల్ ఊదడం మొదలుపెట్టింది. ఊదుతూనే ఉంది.

నాకు అర్థం కాలేదు. మరియమ్మ చెప్పింది: "ఎవరింటి కాడ కలిపి ఇస్తరో గాడ బండి ఆగుతది. ఏరు జేసిందాంక కదలదు. ముంగటి ఇండ్లోళ్ళు సూస్కుంటరు ఇగ."

నిజంగానే చూసుకున్నారు. వీధి చివరి దాకా తలుపులు తెరుచుకున్నాయి.

"ఎవరింటి కాడ ఆగింది?"

"రాజవ్వ ఇంటికాడ!"

"ఓ రాజవ్వా, నీ మూలంగ నా బస్సు పోతది!"

"నా కూలి పోతది, జల్ది ఏరు!"

రాజవ్వ గొంతుక్కూర్చుని ప్యాకెట్లు ఏరుతూ, "మీ రిక్షా టైరు పగల" అని శాపం పెట్టింది.

"పగిల్తె నీ ఇంటి ముంగట్నే ఉంటది, ఆలోచించుకో" అంది బాలమణి, విజిల్ నోట్లోంచి తీసి.

ఫైన్ ఎందుకు వెయ్యరని అడిగాను. "ఫైన్ కడితె కొనుక్కున్నట్టే గద. పైసలున్నోడు రోజూ కడ్తడు, రోజూ కలుపుతడు" అంది. కాసేపట్లో రాజవ్వ రెండు బకెట్లు వేరుగా తెచ్చి ఇచ్చింది. రిక్షా కదిలింది. కొంచెం దూరం పోయాక రాజవ్వ వెనక నుంచి పిలిచి నా చేతిలో పాపకు ఉడికించిన పల్లికాయలు పెట్టింది. చిన్నపిల్ల గొంతులో పడతాయని నేను ఇవ్వలేదు. నేను తిన్నాను.

ఎనిమిది దాటాక అందరం షెడ్డుకు చేరాం. ఊరి బయట, హైవేకు పోయే దారి పక్కన ఉంది. రేకుల కప్పు, గోడలు లేవు, లోపల ఎరువు తొట్లు. ఆడవాళ్ళు కూర్చుని చాయ్ పోసుకుంటుండగా ట్రాక్టర్ వచ్చింది. ట్రాలీ నిండా పెళ్ళి చెత్త. విస్తర్లు, ప్లాస్టిక్ గ్లాసులు, మిగిలిన అన్నం, నీళ్ళ సీసాలు, వాడిన పూలు. వెనకే బైక్ మీద ఫంక్షన్ హాల్ ఓనరు. పేరు యాదగిరి అని తర్వాత చెప్పారు. ట్రాక్టర్ వెనక్కి తిరిగి షెడ్డు ముందుకు రావడం, ట్రాలీ పైకి లేవడానికి సిద్ధం కావడం చూసి బాలమణి చాయ్ గ్లాసు కింద పెట్టింది. ఖాళీ రిక్షా తోసుకెళ్ళి ట్రాలీ వెనక సరిగ్గా చెత్త పడే చోట ఆపి, దాని సీటు మీద కూర్చుంది.

"ఏందే బాలమణీ, జరుగు!" అన్నాడు యాదగిరి.

"ఏరు జేసినవా?"

"పెండ్లి చెత్త ఎవడన్న ఏరు జేస్తడా? షెడ్డు పంచాయతీది, నీ అయ్యది కాదు. పొయ్యరా!"

డ్రైవర్ చెయ్యి లీవర్ మీద ఉంది. లీవర్ నొక్కితే ట్రాలీలో ఉన్నదంతా ఆమె నెత్తిన పడుతుంది. అతను నొక్కలేదు. మరియమ్మ, ఇంకో నలుగురూ లేచి రిక్షా చుట్టూ నిలబడి విజిళ్ళు అందుకున్నారు.

అది కేవలం ఒక ట్రాలీ చెత్త గొడవ కాదు. యాదగిరి కలిపి పోసి వెళ్ళిపోతే రేపు రాజవ్వ ఎందుకు ఏరుతుంది? ఊళ్ళో ఎవరైనా ఎందుకు ఏరుతారు? అదంతా వాళ్ళకు తెలుసు. యాదగిరికి కూడా తెలుసనుకుంటాను. అందుకే తర్వాతి మాట అన్నాడు.

"సరే, వద్దు. మునుపటి లెక్కనే అంగన్‌వాడి పక్కకు పోసి అగ్గివెడ్త. ఎవడడ్డమొస్తడో జూస్త."

నేను అప్పటిదాకా దూరంగా, షెడ్డు స్తంభం చాటున, పాప చెవులు మూసి నిలబడ్డాను. వెళ్ళిపోదామా అని కూడా చూశాను. ట్రాక్టర్ పొగకు పాప దగ్గుతోంది. ఆ మాట విన్నాక నా కాళ్ళు అటు వైపు నడిచాయి. పాపను చంకనేసుకుని డ్రైవర్ దగ్గరికి వెళ్ళి, "ముందు ఇంజను ఆపండి" అన్నాను. అతను ఎందుకో వెంటనే ఆపేశాడు. నేను వెళ్ళి రిక్షా పక్కన నిలబడ్డాను.

"నువ్వెవరమ్మా? ఈ ఊరు కాదు గద" అన్నాడు యాదగిరి.

"కాదండీ. నాంపల్లి నుంచి వచ్చాను. మా కిటికీ కింద కూడా ఎవరో అగ్గిపెడతారు. ఎవరో ఎప్పుడూ కనపడరు. మీరు కనపడ్డారు."

"వీడియో తీస్తున్నవా?"

"లేదు. తీయమంటారా?"

మరియమ్మకు నవ్వొచ్చి విజిల్ తప్పిపోయింది. మళ్ళీ అందుకుంది. చంకలో ఉన్న పాప నా జాకెట్టు గట్టిగా పట్టుకుంది. నేను కదల్లేదు.

అప్పుడు హారన్ వినిపించింది. పెళ్ళివారి బస్సు. పెళ్ళికూతుర్ని అత్తవారింటికి తీసుకెళుతూ హైవేకు పోతోంది. దారికి అడ్డంగా ట్రాక్టర్. బస్సు వెనక రెండు కార్లు, వాటి వెనక పాల వ్యాను. పెళ్ళికూతురి తండ్రి పట్టుపంచె ఎగగట్టి దిగివచ్చాడు.

"ఏమైంది? ఎందుకాగింది?"

"యాదగిరి చెత్త ఏరు జేస్తలేడు. అంగన్‌వాడి పక్కకు పోసి అగ్గివెడ్తడట" అంది బాలమణి, చాలా మామూలుగా.

"అరె యాదగిరీ! నా బిడ్డ మంచి గడియల గడప దాటాలె! నీ చెత్త సంగతి జల్ది తేల్చు!"

బస్సు కిటికీల్లోంచి అందరూ తలలు పెట్టారు. ఒక పెద్దమ్మ గట్టిగా అంది: "మా పెండ్లి విస్తర్లు పసిపిల్లల బడి పక్క కాలవెడతవా? పైసలు తీస్కున్నవు, ఎత్తిపోసుడు చేతగాదా?"

యాదగిరి ఫోన్ తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. చివరకు డ్రైవర్‌తో, "పక్కకు తియ్ రా" అన్నాడు. ట్రాక్టర్ రోడ్డు పక్క బీడులోకి జరిగింది. బస్సు పోయింది. ట్రాక్టర్ మీద వచ్చిన అతని మనుషులిద్దరు ట్రాలీలోకి ఎక్కి విస్తర్లు ఒక పక్కకూ గ్లాసులు ఒక పక్కకూ వేయడం మొదలుపెట్టారు. సంఘం ఆడవాళ్ళు ఒక్క విస్తరి ముట్టుకోలేదు. బాలమణి రిక్షా మీద నుంచి దిగలేదు. యాదగిరి కల్వర్టు మీద కూర్చుని ఎండలో చెమట తుడుచుకుంటూ, "గ్రామసభల మీ సంగతి జెప్త" అన్నాడు.

"చెప్పు. మేం గూడ గాడనే ఉంటం" అంది బాలమణి.

అతను గ్రామసభలో ఏం చేస్తాడో నాకు తెలియదు. వాళ్ళకూ తెలియదు. ఆ రోజు మాత్రం ట్రాలీ వేరయింది, అంగన్‌వాడీ పక్కన మంట లేవలేదు.

మధ్యాహ్నం బస్సు కోసం ఎదురుచూస్తూ బాలమణిని అడిగాను. మీకెప్పుడూ ఊరు వదిలి వెళ్ళిపోవాలనిపించలేదా అని. మా ఇంటి సంగతి, సెక్రటరీ గారి మాట, కొత్త ఇల్లు, అన్నీ చెప్పేశాను.

"మా ఆయన గూడ గదే అన్నడు. మా చిన్నదానికి అంగన్‌వాడిల పొగతోటి కండ్లు మండి, ఊపిరి ఆడక మస్తు తిప్పలైంది. వికారాబాద్ పోదాం, కిరాయికుందాం అన్నడు."

"మీరేమన్నారు?"

"నువ్వు ముందుగాల పో, నేను ఊడ్చొస్త అన్న. ఇంక ఊడుస్తనే ఉన్న."

"ఆయన వెళ్ళారా?"

బాలమణి గడ్డంతో షెడ్డు వైపు చూపించింది. తెల్ల బనీను వేసుకున్న మనిషొకాయన రిక్షా టైరుకు పంక్చర్ వేస్తున్నాడు. "గాయ్నె."

మా గల్లీలో ఇది జరుగుతుందంటారా అని అడిగాను. ఔనంటుందని ఆశపడ్డాను. "నాకేమెరుక? మీ గల్లీ నేనెన్నడు జూడలే" అంది. బస్సు కనిపించాక, ఎక్కబోతుంటే అంది: "ఒక్కదానివి షురూ జెయ్యకు చెల్లె. ఒక్కదానివైతె కొట్లాటకొచ్చింది అంటరు. ఇంకొకామెను ఎంబడి వెట్టుకో. పాపం, పొల్ల పైలం."

వికారాబాద్‌లో నాలుగు తర్వాత బండి దొరికింది. ఆదివారం తిరుగు ప్రయాణం కాబట్టి నిలబడే జనం కూడా ఉన్నారు. హాస్టల్‌కు తిరిగి వెళుతున్న ఒక కాలేజీ అమ్మాయి జరిగి చోటిచ్చింది. నా కాళ్ళ దగ్గరున్న ఎరువు సంచి చూసి, "ఆంటీ, ఏం వాసన రావట్లేదేంటి?" అని ఆశ్చర్యపోయింది. పాప ఆ అమ్మాయి జడతో ఆడుకుంటుండగా శంకర్‌పల్లి దగ్గర ఫోన్ మోగింది. మా ఆయన.

"ఓనరు మళ్ళీ ఫోన్ చేశాడు. ఇంకెవరో అడుగుతున్నారట. ఏం చెప్పను?"

"మేం రావడం లేదని చెప్పండి."

"పాప సంగతి ఆలోచించే అంటున్నావా?"

"రాత్రీ పగలూ అదే ఆలోచిస్తున్నానండీ. పాపను వెనక గదిలో పడుకోబెడదాం. పొగ వేసిన రోజు సికింద్రాబాద్‌లో మా అమ్మ దగ్గరికి తీసుకెళతాను. అయినా తగ్గకపోతే, డాక్టరు గారు కదలమంటే, ఆ రోజే మారదాం. అప్పుడు మారితే పాప కోసం మారినట్టు. ఇప్పుడు మారితే సెక్రటరీ గారి కోసం మారినట్టు."

"అంతమందితో నువ్వు పడగలవా?"

"తెలియదు."

ఆయన నవ్వారు. విసుగుతో నవ్వారో, మెచ్చుకుని నవ్వారో ఫోన్‌లో తెలియలేదు. "సరే, చెప్పేస్తాను. స్టేషన్‌కు వస్తున్నా" అన్నారు.

ఈ యాత్రలో నేను చూసిన ఊరు బొమ్మలాంటి ఊరేమీ కాదు. చేలల్లో పొగ ఉంది, ఫంక్షన్ హాల్ ఉంది, రేపు గ్రామసభలో ఏమవుతుందో తెలియదు. నా భయం కూడా తగ్గలేదు. బండి లింగంపల్లి దాటి పట్నం గాలి తగిలిన దగ్గర నుంచి పాప ప్రతి శ్వాసా వింటూనే ఉన్నాను. కానీ ఊళ్ళు శుభ్రంగా ఉండటం మంచి గాలి ఉన్నచోట పుట్టిన వాళ్ళ అదృష్టమని నేననుకునేదాన్ని. అది అదృష్టం కాదు. అది రోజూ పొద్దున్నే కొందరు ఆడవాళ్ళు మొండిగా కూర్చుని గెలుస్తున్న తగాదా. ఎవరికి వీలైతే వాళ్ళు వెళ్ళి చూడండి. ఒక రాత్రి ఉండేలా వెళ్ళండి, తెల్లవారుజామున జరిగేదే అసలు చూడాల్సింది.

నాంపల్లిలో దిగేసరికి చీకటి పడింది. మా ఆయన సంచి అందుకున్నారు. పాప నా భుజం మీద నిద్రపోయింది. గల్లీలోకి తిరిగాక రైల్లో తలుచుకున్న మనిషి ఇంటి ముందు ఆగాను. షబానా. మా అపార్ట్‌మెంట్ పక్క మల్గీలో, అంటే వీధి గదిలో, బట్టలు కుడుతుంది, వెనక గదిలో కాపురం. ఆమె కిటికీ కూడా ఆ ఖాళీ జాగా వైపే ఉంది. ఇన్నేళ్ళలో మా ఇద్దరి మధ్య జాకెట్టు కొలతలు తప్ప వేరే మాట లేదు.

"మీరు పదండి" అని మా ఆయనతో చెప్పి, తలుపు తట్టాను. కుట్టుమిషను ఆగింది. షబానా తలుపు తీసి నా వంకా, పాప వంకా చూసింది.

"ఏంది మేడం, గీ టైంల? బ్లౌజ్ ఇంక కాలే."

"బ్లౌజ్ కోసం రాలేదు. ఆ పొగ గురించి వచ్చాను. పొద్దున్నే ఇంటింటికీ వెళ్ళి మాట్లాడాలి. నాతో ఒకరు కావాలి."

ఆమె వెనక్కి తిరిగి కిటికీ వైపు చూసింది. కిటికీ సందుల్లో పాత గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి.

"పొద్దుగాల దాక ఎందుకు?" అంది. "ఆగండి, చెప్పులేస్కొని ఒస్త."